అక్క పొయ్యి దగ్గర ఉండగానే తీర్పు అయిపోయింది

ఈ వారం ఉత్తరం ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా నుంచి వచ్చింది. రాసినది ఒక రాజ్‌గోండు అబ్బాయి, వయసు 24, లా చివరి ఏడాది. పేరు, ఊరు వెయ్యొద్దన్నాడు, వెయ్యడం లేదు. ఏడు పేజీల ఉత్తరం కాబట్టి నా మాటల్లో కుదించి చెప్తాను.

తండ్రి రెండేళ్ల కింద పోయాడు. తల్లి ఉంది. అన్న ఊళ్లోనే పత్తి, కంది వేస్తాడు. అక్కకి పంతొమ్మిదో ఏట పెళ్లయింది, ఇద్దరు ఆడపిల్లలు. నాలుగేళ్ల కింద భర్త పాముకాటుతో పోయాడు. మరిదిని చేసుకోమని అత్తింటివాళ్లు అడిగారు, ఆమె ఒప్పుకోలేదు, పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. తండ్రి మంచాన పడ్డ చివరి ఎనిమిది నెలలు ఆయన్ని చూసుకున్నది ఆమే. ఇంటికి మొత్తం 9 ఎకరాలు: 6 ఎకరాలు పట్టా చెల్క, 3 ఎకరాలు పోడు పట్టా (అడవి భూమి సాగు చేసుకునే హక్కు పత్రం). అందులో 2 ఎకరాలు తన పేరు మీద రాయమని అక్క అడిగింది. అన్న కాదన్నాడు. విషయం రాయిసెంటర్‌కి వెళ్లింది. తెలియనివాళ్ల కోసం ఒక మాట: రాయిసెంటర్ అంటే కొన్ని గూడేలకి కలిపి గోండుల సొంత పంచాయితీ. ఊరి పటేళ్లు, పెద్దలు కూర్చుంటారు, పైన సార్‌మెడి ఉంటాడు. పెళ్లిళ్లు, విడాకులు, గట్టు తగాదాలు, కొట్లాటలు చాలావరకు అక్కడే తెగిపోతాయి.

ఒక ఆదివారం కూర్చున్నారు, తీర్పు చెప్పారు. ఆడపిల్ల పెళ్లితో అత్తింటి దేవుళ్లలోకి వెళ్లిపోయింది, ఇక్కడి భూమి ఇక్కడి వంశానిది, వాటా లేదు. అన్న ఆమెకి బతికినంత కాలం ఏటా గింజలు కొలవాలి, ఇంట్లో ఒక గది ఇవ్వాలి. దీని మీద కోర్టుకి పోతే పది వేలు దండుగ (జరిమానా), కుల బహిష్కారం.

ఇప్పుడు ఈ అబ్బాయి ఏమంటాడంటే, రాయిసెంటర్ అంటే తనకి ప్రాణం. మూడేళ్ల కింద ఇద్దరు దాయాదుల గట్టు తగాదా ఒక్క మధ్యాహ్నంలో తెగిపోవడం, ఇద్దరూ ఒకే ఆకులో తిని లేవడం కళ్లతో చూశాడు. కాలేజీలో స్నేహితులకి ఆ సంగతి చెప్తే "ఓ, మీ ఖాప్ పంచాయితీనా" అని, ఉత్తరాది కుల పంచాయితీలతో పోల్చి నవ్వారట. అది మనసులో గుచ్చుకుంది. మరోవైపు క్లాసులో ఆర్టికల్ 13, 14 (ప్రాథమిక హక్కులకి అడ్డొచ్చే చట్టం చెల్లదు, చట్టం ముందు అందరూ సమానమే అనేవి) చదువుతుంటే అక్క మొహం గుర్తొస్తోంది. అన్నేమో "నువ్వు లా చదివింది మన ఇంటినే కోర్టుకి ఈడ్చడానికా" అంటున్నాడు. ప్రశ్న అతని మాటల్లోనే: "మేడం, అక్క చేత కేసు వేయిస్తే మా జాతికి మిగిలిన ఒక్క సొంత వ్యవస్థని నా చేతులతో కూల్చినవాణ్ణి అవుతాను. వేయించకపోతే నల్లకోటు ఏ మొహంతో వేసుకోవాలి? రాజ్యాంగం పెద్దదా, మా ఆచారం పెద్దదా?"

బాబూ, మా అబ్బాయి కంటే చిన్నవాడివి, అందుకని నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు.

ముందు ఒక లెక్క చెప్పనీ. నీ ఉత్తరంలో రాజ్యాంగం అన్న మాట పదకొండు సార్లు వచ్చింది, లెక్కపెట్టాను. ఈ లెక్క మాత్రం ఎక్కడా లేదు: 9 ఎకరాలు అన్నదమ్ములిద్దరికీ పంచితే తలా నాలుగున్నర. అక్కకి రెండిస్తే తలా మూడున్నర. అంటే నీ జేబులోంచి పోయేది ఒక ఎకరం. నువ్వు దురాశపరుడివని నేననడం లేదు, ఉత్తరం చదివితే కాదనే తెలుస్తోంది. కానీ నువ్వు బయట నిలబడి రెండు గొప్ప సిద్ధాంతాల మధ్య తీర్పు చెప్పే జడ్జివి కావు, ఈ కేసులో పార్టీవి. ఆచారం గెలిస్తే ఒక ఎకరం నీకు మిగులుతుంది. ఈ సంగతి నీకు నువ్వు ఒకసారి పైకి చెప్పుకుని ఆ తర్వాత ఆలోచించు, సగం గజిబిజి అక్కడే పోతుంది.

రెండోది, నీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం నువ్వు మామూలుగా రాసేసి దాటిపోయావు. ఐదో పేజీలో ఉంది: "ఆ రోజు వచ్చిన ముప్పై మందికి అక్కే జొన్నరొట్టెలు చేసింది, తీర్పు చెప్పేటప్పుడు ఆమె ఇంటి వెనకాల పొయ్యి దగ్గర ఉంది, నేనే వెళ్లి చెప్పాను." తన కేసు నడుస్తుంటే ఆ కేసు నడిపేవాళ్లకి వంట చేస్తూ కూర్చున్న మనిషి! ఆమె తరఫున మాట్లాడినది ఎవరు? మీ చిన్నాన్న అని రాశావు. ఆయన ఏం మాట్లాడాడో, ఆమె చెప్పమన్నదే చెప్పాడో లేదో నీక్కూడా తెలీదు. గట్టు తగాదా రోజు ఆ ఇద్దరు దాయాదులు ఎక్కడ కూర్చున్నారు? ఎదురెదురుగా, పంచాయితీ మధ్యలో కదా. వాళ్లిద్దరూ చెప్పుకున్నాకే కదా పెద్దలు నోరు తెరిచింది. నీకు ప్రాణమైన పద్ధతి అదే అయితే అక్క విషయంలో ఆ పద్ధతి జరగనే లేదు. రాజ్యాంగం దాకా వెళ్లకముందే, మీ లెక్క ప్రకారమే ఇది సగం పంచాయితీ.

ఇంకో సగం కూడా జరగలేదు, అది చెప్తా. పెద్దలన్న మాటలో అర్థం లేకపోలేదు. మీలో పెళ్లయ్యాక ఆడపిల్ల భర్త సగాలోకి (వంశాల గుంపులోకి) వెళ్తుంది, అత్తింటి పెర్సాపేన్ ఆమెకి పెద్దదేవుడవుతాడు. కేస్లాపూర్‌లో మెస్రం వంశం వాళ్లు కొత్త కోడళ్లని నాగదేవత నాగోబాకి చూపించే భేటింగ్ ఉన్నది కూడా అందుకేగా, ఇకనుంచి ఈమె మా మనిషి అని దేవుడికి చెప్పడం. భూమి దేవుణ్ణి అనుసరిస్తుంది, దేవుడు వంశాన్ని అనుసరిస్తాడు, సరే. మరి ఆమె అక్కడి మనిషే అయితే అక్కడి భూమి సంగతి ఎవరైనా అడిగారా? ఆమె ఇద్దరు కూతుళ్లు పుట్టుకతోనే ఆ వంశం పిల్లలు. ఆ వైపు రాయిసెంటర్‌కి మీ పెద్దలు ఒక్క కబురు పంపారా? మరిదిని చేసుకోలేదు కాబట్టి వాళ్లు వదిలేశారు, పెళ్లి చేసి పంపించాం కాబట్టి వీళ్లు వదిలేశారు. ఆచారం ఆమెని ఈ ఇంట్లోంచి తీసి ఆ ఇంట్లో పెట్టిందన్నారు, తీసిన చెయ్యి కనబడుతోంది, పెట్టిన చోటే కనబడటం లేదు. ఈ మాట నువ్వు లా పుస్తకం చంకలో పెట్టుకోకుండానే సార్‌మెడిని అడగొచ్చు. నా అంచనా, ఆయన దగ్గర దీనికి చటుక్కున జవాబు ఉండదు.

ఇప్పుడు చట్టం. టీవీల్లో, వాట్సాప్‌లో "ఆడపిల్లకి సమాన వాటా, 2005 సవరణ" అని చెప్పేదంతా మీకు వర్తించదు. హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 2(2) షెడ్యూల్డ్ తెగల్ని పక్కన పెట్టింది, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప. మిమ్మల్ని వేరే చట్టంలోకి లాగకూడదనే ఉద్దేశంతో పెట్టిన గోడ అది. మంచి ఉద్దేశమే. కానీ గోడకి ఇవతల మీ అక్కలాంటివాళ్లు ఉండిపోయారు. 1996లో మధు కిష్వర్ కేసులో బీహార్ ఆదివాసీ స్త్రీల గురించి సుప్రీంకోర్టు ఆచారాన్ని కొట్టెయ్యకుండా, కుటుంబంలోని ఆడవాళ్ల బతుకుతెరువుకి ఆ భూమి మీద రక్షణ మాత్రం ఇచ్చి ఆగింది. 2022 డిసెంబరులో ఇంకో కేసులో, చట్టం ఇలా ఉంది కాబట్టి ఇవ్వలేం గానీ ఇన్నేళ్ల తర్వాత కూడా ఆదివాసీ కూతురికి వాటా లేదనడానికి కారణం కనబడటం లేదు, కేంద్రం చూడాలి అంది.

నీకు దగ్గరగా ఉన్నది 2025 జూలై 17 నాటి తీర్పు. ఛత్తీస్‌గఢ్‌లో ఒక గోండు కుటుంబం, తల్లి వైపు తాత ఆస్తిలో వాటా కోసం ఆ తల్లి వారసులు వేసిన దావా. కింది కోర్టులన్నీ "ఆడవాళ్లకి వాటా ఇచ్చే ఆచారం ఉందని మీరు రుజువు చెయ్యలేదు" అని కొట్టేశాయి. సుప్రీంకోర్టు దాన్ని తిరగేసింది. ఆడవాళ్లకి లేదనే ఆచారం ఉందని అవతలివాళ్లు రుజువు చేశారా, రుజువే లేని చోట లేదని ఎలా ఊహించుకుంటారు, అది ఆర్టికల్ 14కి విరుద్ధం అని వాటా ఇచ్చింది. ఆచారాలు కూడా ఒకే కాలంలో ఇరుక్కుపోకూడదని కూడా అంది. నువ్వు ఎగిరి గంతెయ్యకముందే రెండు సంగతులు. ఆ కేసులో రుజువు ఏ పక్కా లేదు. మీ కేసులో మాత్రం సార్‌మెడి, పటేళ్లు బోనెక్కి "ఉంది, మా తాతల నాటి నుంచి ఇదే" అని ఒకే గొంతుతో చెప్తారు. అప్పుడు ఆ ఆచారం చెల్లుతుందా లేదా అన్న అసలు ప్రశ్న తేలాలి. ఆర్టికల్ 13లో చట్టం అన్న మాటకి ఆచారం కూడా వస్తుంది కాబట్టి నీ వాదనకి బలం ఉంది, కానీ చేతికందే గెలుపు కాదు. అదే ఏడాది అక్టోబరులో, హిమాచల్ గిరిజన ప్రాంతాల కూతుళ్లకి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే ఇవ్వాలని అక్కడి హైకోర్టు ఇచ్చిన ఆదేశాన్ని సుప్రీంకోర్టే తీసేసింది. ఒక మంచి తీర్పు వచ్చిందని మొత్తం దారి తెరుచుకుందనుకోకు. రెండో సంగతి, ఛత్తీస్‌గఢ్ దావా వేసింది 1992లో. తేలింది 2025లో. నువ్వే లెక్క వేసుకో, మీ అక్క చిన్న కూతురికి అప్పటికి ఎన్నేళ్లొస్తాయో.

అలాగని రాయిసెంటర్‌కి చట్టంలో చోటు లేదనుకోకు. నీ స్నేహితులకి ఇది చెప్పు, ఖాప్ అని నవ్వడం మానేస్తారు. 1996 పెసా చట్టం సెక్షన్ 4(డి) ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సంప్రదాయాల్ని, ఆచారబద్ధంగా తగాదాలు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే అధికారం గ్రామసభకి ఉంది. ఎవరో దయతలచి ఇచ్చింది కాదది, దాని వెనక చాలా ఉంది. మీ పెద్దలకి కోర్టు, కచేరీ అంటే ఎందుకు ఒళ్లు మండుతుందో నీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు, 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం ఎందుకు ప్రాణమిచ్చాడో, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి పోలీసు కాల్పుల్లో ఏం జరిగిందో చిన్నప్పటి నుంచి విన్నవాడివే. కాగితం తెచ్చిన ప్రతివాడూ భూమి పట్టుకుపోయాడు. భీం పోయాకే కదా మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ని నిజాం ప్రభుత్వం మీ దగ్గరికి పంపింది, నాగోబా జాతరలో దర్బార్ మొదలైంది, అధికారులు మీ దగ్గరికొచ్చి కింద కూర్చుని వినాల్సొచ్చింది. అలాంటి చోట "మా తగాదా మేమే తీర్చుకుంటాం" అనడం మొండితనం కాదు, అనుభవం. మీ అన్న నిన్నన్న మాటలో కూడా ఇంత ఉంది, ఒక్క స్వార్థమే అనుకోకు.

అయితే పెసా ఆ అధికారం ఎవరికిచ్చిందో ఇంకోసారి చదువు. గ్రామసభకి. గ్రామసభ అంటే ఎవరు? ఓటరు జాబితాలో పేరున్న ఊరి జనమంతా. ముప్పై మంది మగవాళ్లు అని లేదు. మీ ఆచారాన్ని కాపాడుతున్న ఆ చట్టమే మీ అక్కని, మీ అమ్మని, రొట్టెలు చేసిన చెయ్యిని ఆ ఆచారానికి కాపలాదారుల్లో పెట్టింది. ఇది నాకు చాలా నచ్చిన సంగతి, ఎవరూ పట్టించుకోరు. (ఒక చిన్న పని: మీ అక్క ఓటు ఇంకా అత్తింటి ఊళ్లోనే ఉందేమో చూడు. నాలుగేళ్లయింది. ఉంటే ముందు ఇక్కడికి మార్పించు.)

కాబట్టి రాజ్యాంగం పెద్దదా ఆచారం పెద్దదా అన్నది పరీక్ష పేపర్లో ప్రశ్న. మీ ఇంట్లో ప్రశ్న వేరు. ఆచారం ఏమిటో చెప్పేది ఎవరు, ఆ చెప్పేవాళ్లలో మీ అక్క ఉందా లేదా, అంతే. దక్షిణాఫ్రికాలో వలోయి అనే తెగ ఉంది. అక్కడ పెద్దరికం మగవాళ్లకే. తెగ పెద్దలే కూర్చుని, కాలం మారింది, రాజ్యాంగం వచ్చింది, ఇక ఆడబిడ్డ కూడా పెద్దగా ఉండొచ్చని తీర్మానించారు. దాన్ని ఒక మగ వారసుడు కోర్టుకి లాగాడు, "పాత ఆచారమే ఆచారం" అని. 2008లో వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానం తెగ పక్షాన నిలబడింది, తన ఆచారాన్ని తాను మార్చుకునే హక్కు ఆ జాతికి ఉందని. చూశావా, అక్కడ ఆచారాన్ని గడ్డకట్టించాలని చూసినవాడే కోర్టుకెళ్లాడు. మార్చుకోగలగడం కూడా మీ సొంత వ్యవస్థలో భాగమే అని మీ సార్‌మెడికి చెప్పడానికి ఇది పనికొస్తుంది. ఆయనకి ఆఫ్రికా కథ వద్దనుకుంటే మీ గూడేల్లోనే వెతుకు. కొడుకులు లేని ఇళ్లలో ఇల్లరికం అల్లుడు వచ్చినప్పుడు భూమి ఎవరి పేరున నిలిచింది? ఏ తండ్రయినా కూతురికి ఒక మడి ఇచ్చాడా? మీ అమ్మ వయసు ఆడవాళ్లని అడుగు, మగవాళ్లని అడిగితే "ఎప్పుడూ లేదు" అనే వస్తుంది. రెండు మూడు ఉదాహరణలు దొరికినా రాయిసెంటర్‌లోనూ పనికొస్తాయి, రేపు కోర్టుకెళ్లాల్సొస్తే అక్కడా పనికొస్తాయి.

ఇక ఏం చెయ్యొచ్చు. ఇది చెయ్యి అని నేను చెప్పను, ఎందుకంటే చెయ్యాల్సింది నువ్వు కాదు, మీ అక్క. ఏడు పేజీల్లో ఆమె కోరిక ఒక్క వాక్యం, రెండెకరాలు అని. ఎందుకు రెండెకరాలు? పిల్లల చదువుకా, అప్పు తెచ్చుకోడానికి కాగితం కావాలనా, రేపు వదిన వెళ్లగొడితే అన్న భయమా? దాన్నిబట్టి దారి మారుతుంది. ఈ ఉత్తరం ఆమెకి చదివి వినిపించు. గోండిలో చెప్పాల్సొస్తే చెప్పు.

పెద్దల మాట విని ఊరుకోవడం కూడా ఒక దారే, దాన్ని తీసిపారెయ్యను. ఇప్పటికి ఇంట్లో గొడవ ఉండదు. కానీ గింజలు కొలిచేది ఈ అన్న బతికినన్నాళ్లు, వదిన మనసు బాగున్నన్నాళ్లు. నేను ముప్పై ఏళ్లు సివిల్ కోర్టుల్లో తిరిగాను, "బతికినంత కాలం చూసుకుంటాం" అన్న మాట రెండో తరానికి చేరడం ఒకటి రెండుసార్లే చూశాను. పత్తి దెబ్బతిన్న ఏడు మొదట ఆగేది ఆ గింజలే.

మళ్లీ రాయిసెంటర్‌కి వెళ్లడం నాకు ఎక్కువ నచ్చిన దారి, దాచను. ఈసారి అత్తింటి వైపు పెద్దల్ని కూడా పిలిచి, రెండు రాయిసెంటర్లు కలిసి కూర్చోవాలని అడగండి. అక్క ఎదురుగా కూర్చుని తన నోటితో చెప్పాలి. పెద్దల అసలు భయం భూమి వంశం దాటి, జాతి దాటి పోతుందని. దానికి జవాబు ఉంది: 1/70 చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడికి చేసిన బదిలీ చెల్లనే చెల్లదు, అక్క పేరు మీద ఉన్నా అంతే. వంశం దాటకూడదంటే, అమ్మాల్సొస్తే ముందు అన్నదమ్ములకే అమ్మాలన్న షరతు రాసుకోవచ్చు. అక్క బతికినంత కాలం సాగు హక్కు ఇచ్చి తర్వాత భూమి వెనక్కి రావాలనే మధ్యేమార్గం కూడా పెద్దలు చెప్తారు, ఖాయంగా చెప్తారు. అది తొందరగా ఒప్పుకునే మాటే, కానీ ఆ ఇద్దరు పిల్లలకి ఏమీ మిగలదు, పట్టా లేకపోతే బ్యాంకు గడప కూడా ఎక్కలేదు. ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం, కానీ తెలిసి ఒప్పుకోవాలి. ఏది కుదిరినా నోటిమాటతో లేవకండి, మంచి వకీలు చేత రాయించి రిజిస్టర్ చేయించండి. అన్నదమ్ములు, అక్క అందరూ గోండులే కాబట్టి 1/70 అడ్డురాదు. ఈ దారిలో తేడా కొట్టేదేమిటంటే, రెండోసారి కూడా కాదంటే అక్క ఇంకా ఒంటరి అవుతుంది, అందరి ముందూ మాట్లాడి ఓడిపోయినట్టు అవుతుంది. ఆ బరువు మోయగలనని ఆమె అనుకోవాలి.

మధ్యలో ఒక మెట్టు ఉంది, న్యాయసేవల సంస్థ. మీ అక్క ఆడమనిషి కాబట్టీ ఉచితమే, గిరిజన స్త్రీ కాబట్టీ ఉచితమే. 15100కి ఫోన్ చేసినా చాలు. దావా వెయ్యకుండానే లోక్‌ అదాలత్ ముందు రాజీ కుదిరితే ఆ అవార్డుకి కోర్టు డిక్రీ అంత బలం, మళ్లీ అప్పీలు ఉండదు. రాయిసెంటర్‌లో కుదిరిన మాటనే అక్కడికి తీసుకెళ్లి ముద్ర వేయించుకోవచ్చు, అప్పుడు రెండూ కొట్టుకోవు, ఒకదాని వెనక ఇంకొకటి నిలబడతాయి. చిక్కల్లా మీ అన్న రావాలి, రాజీ అంటే ఇద్దరూ సరే అనాలి కదా.

చివరికి దావా. ఆమెకి హక్కుంది, వెయ్యొద్దని ఎవరూ అనకూడదు. గెలిస్తే మీ అక్కకే కాదు, మీ వైపు వేల మంది ఆడపిల్లలకి దారి. కానీ దానికి పడే ఖరీదు మీ అక్క కట్టాలి, ఏళ్లతో కట్టాలి, ఆ ఏళ్లన్నీ అన్న ఇంట్లోనే ఒక గదిలో ఉంటూ కట్టాలి. నీ నల్లకోటు కోసం ఆమె టెస్ట్ కేసు కాకూడదు. పైగా నువ్వే వకీలుగా నిలబడకు, నువ్వు ఆ ఆస్తిలో వాటాదారువి, ఇంకో మనిషిని చూడు.

ఇక దండుగ సంగతి. ఇంతవరకు నేను అటూ ఇటూ చెప్పాను, ఇక్కడ చెప్పను. భూమి మీద తీర్పు ఎలా ఉన్నా, కోర్టుకెళ్తే పది వేలు, కుల బహిష్కారం అన్నది నిలవదు. న్యాయం అడిగినందుకు శిక్ష ఏ ఆచారం పేరు మీదైనా కుదరదు. నీ స్నేహితులు ఖాప్ అన్నప్పుడు నీకు కోపం వచ్చింది, 2018లో సుప్రీంకోర్టు ఖాప్‌లని పట్టుకుని తిట్టింది ఇష్టపడి చేసుకున్న పెళ్లిళ్లలో వాళ్ల జోక్యం గురించే, మరి ఈ బెదిరింపు ఆ ఖాప్‌లు చేసే పని కాదా? ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో బహిష్కారానికి శిక్ష ఉంది గానీ బహిష్కరించేవాళ్లు కూడా గిరిజనులే అయినప్పుడు అది పనిచెయ్యదు. మహారాష్ట్రలో సాంఘిక బహిష్కారం మీద 2016 నాటి ప్రత్యేక చట్టం ఉంది, మీకు సరిహద్దు అవతలే, కానీ ఇక్కడ వర్తించదు. అందుకని దీన్ని పోలీసు దాకా పోనివ్వకుండా ముందే విరిచెయ్యాలి. సార్‌మెడి ఇంటికి ఒక్కడివే వెళ్లు, పొద్దున్నే, ఎవరూ లేనప్పుడు. భూమి మాట ఎత్తకు. "కాకా, ఈ దండుగ మాట రేపు పేపర్లో పడితే రాయిసెంటర్‌ల గురించి ఏం రాస్తారో నాకు తెలుసు, నేను రోజూ వింటున్నాను, దీన్ని వెనక్కి తీసుకోండి" అను. ఇది ఆయన మీద ఎదురుతిరగడం కాదు, నువ్వంత ప్రేమగా రాసిన ఆ వ్యవస్థకి కావలి కాయడం. ఆయన ఒప్పుకోకపోతే, అప్పుడు నీ ప్రశ్నకి జవాబు కొంత మారుతుంది, మళ్లీ రాయి.

మీ అమ్మ సంగతి నువ్వు పెద్దగా రాయలేదు, ఉంది, ఆ రోజు వచ్చినవాళ్లకి నీళ్లందించింది అన్నావంతే. ఆ 3 ఎకరాల పోడు పట్టా తీసి చూడు. అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్లయినవాళ్లకి ఇచ్చే హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేర్ల మీదా ఉండాలి. అంటే అందులో మీ అమ్మ పేరు ఉండే ఉంటుంది. ఆ భూమి అమ్మడానికి, బదిలీ చెయ్యడానికి వీల్లేదు, వారసత్వంగా మాత్రం వస్తుంది. మీ అన్న, మీ పెద్దలు 9 ఎకరాలూ నాన్నవే అన్నట్టు మాట్లాడుతున్నారు, అందులో మూడింటి మీద హక్కు ఉన్న మనిషి ఆ ముప్పై మందికి నీళ్ల చెంబులు అందిస్తూ తిరిగింది! ఆమెని ఎవరైనా అడిగారా, నువ్వేమంటావు అని? ఆమె "నా కూతురు నాతో కలిసి ఈ మూడెకరాలు దున్నుకుంటుంది" అంటే, రాయిసెంటర్‌ కూడా తల్లి మాటని అంత తేలిగ్గా తోసెయ్యలేదు. అది పూర్తి జవాబు కాకపోవచ్చు, ఈ వానాకాలానికి మాత్రం జవాబే.

అన్నిటికంటే ముందు ఒక తొందర పని. 6 ఎకరాల పట్టా ఇంకా మీ నాన్న పేరు మీదే ఉందా, విరాసత్ (వారసుల పేరుకి మార్పు) అయిపోయిందా? రెండేళ్లయింది, రైతు భరోసా డబ్బు ఎవరి ఖాతాలో పడుతోందో కనుక్కో, తెలిసిపోతుంది. విరాసత్‌కి వారసులందరి ఉమ్మడి ఒప్పంద పత్రం అడుగుతారు. అందులో వారసులుగా ఎవరెవరి పేర్లు రాశారు, మీ అక్క పేరు ఉందా, ఆమె చేత ఏదైనా కాగితం మీద వేలిముద్ర గానీ సంతకం గానీ తీసుకున్నారా? ఇంకా కాకపోతే అక్క పేరు మీద తహసీల్దారుకి ఒక అభ్యంతరం పెట్టించండి, ఆమె మాట వినకుండా మార్చొద్దని. ఇది కేసు కాదు, తలుపు మూసుకుపోకుండా కాలు అడ్డం పెట్టడం.

రెండోసారి పంచాయితీ కుదిరితే ఆ రోజు రొట్టెలు నువ్వు, మీ అన్న చెయ్యండి. చేతకాకపోతే అంగడి నుంచి బ్రెడ్డు, అరటిపళ్లు తెప్పించండి, ఎవరూ చచ్చిపోరు.

ఇంకొకటి, అడగక తప్పదు. ఆ విరాసత్ కాగితం అయిపోయి ఉంటే, దాని మీద నీ సంతకం ఉందా? నాకు జవాబు రాసేటప్పుడు మొదటి వాక్యం అదే రాయి.